పేరు గీకేసిన పడవ

కేకు మీద పేరు ఉండడంతో దాన్ని ఎవరూ కోయలేదు.

ఫెర్రీ కంపెనీ అధికారి గెయిల్ పెటర్సన్ గారు దాన్ని పట్టణం నుంచి సముద్రం మీద ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. పడవ ఆకారం, తెల్లటి పూత. ఒక పక్కన నీలం క్రీముతో మా అత్తయ్య పుట్టింటివాళ్ల పేరు. అదేమిటో ఇక్కడ రాయను. నేను ఈ ఇంటికి కోడలిని, పై ఊరిదాన్ని. ఆ పేరు నాది కాదు, రాసుకోవడానికి.

"మూలవాసులతో సయోధ్యకి మా కంపెనీ మాట ఇచ్చింది," అన్నారు గెయిల్. "ఆ మాట రాయించి, అద్దం కట్టించి ప్రతి రేవులోనూ పెట్టాం. అంతటితో ఆగకూడదని కొత్త పడవకి మీవాళ్ల పేరే పెట్టాం. రంగు కూడా వేయించేశాం. చలికాలం లోపల మీ రేవుకి వస్తుంది."

ఆవిడ ముఖం వెలిగిపోతోంది. పట్టణంలో ఆ పూటే గోడల నిండా ఆ పడవ బొమ్మలు అంటించారట.

మా అత్తయ్య ఎర్నెస్టీన్ కోపం వస్తే అల్లిక సూదులు చేతిలోకి తీసుకుంటారు. తీసుకున్నారు.

"ఎవర్ని అడిగి పెట్టారమ్మా?"

"పాత పుస్తకంలో దొరికిందండీ. చాలా అందమైన పేరు."

"అందమైనదే. మా మేనత్త పోయినప్పటి నుంచీ దాన్ని నేనే కాపాడుతున్నాను. ఈ ఏటి చేపల పని అయిపోగానే మా మనవరాలికి ఇద్దామని."

మాలో పేరు ఒకసారికి ఒకరిదే. విందు పెట్టి, అందరి ముందూ ఇస్తారు. వచ్చినవాళ్లకి కడుపు నిండా పెట్టి, చేతిలో ఏదో ఒకటి పెడితే వాళ్లు సాక్షులవుతారు. అందుకని నేను రెండేళ్లుగా తువ్వాళ్లు కూడబెడుతున్నాను. మంచాల కింద తువ్వాళ్లు, బీరువాలో తువ్వాళ్లు. ఒక్కటీ ముట్టుకోనివ్వనని మా ఆయన విల్‌ఫ్రెడ్ చొక్కాతో ముఖం తుడుచుకుంటారు.

మా అమ్మాయి జోలీన్ కేకు వంకే చూస్తోంది. "నానమ్మా, అయితే నా పేరు పడవకి వెళ్లిపోయినట్టేనా?"

నేను వంటింట్లోంచి కత్తి తెచ్చి, కేకు మీది నీలం క్రీమంతా జాగ్రత్తగా గీకి పక్కన పళ్లెంలో పెట్టాను. తరవాత ముక్కలు కోశాను.

"ఇప్పుడు తినొచ్చు. తీసుకోండి గెయిల్ గారూ."

ఆవిడ కేకు తీసుకోలేదు. పళ్లెంలోని క్రీము వంక, నా కత్తి వంక చూశారు. తెలివైన మనిషే.

"గీకించేస్తాను," అన్నారు మెల్లిగా. "పడవ బయటికి రాకముందే. ఎవరికీ తెలియనివ్వను."

"బొమ్మలేసి ఊరంతా చెప్పుకుని, ఇప్పుడు చాటుగా తీస్తారా?" అన్నారు అత్తయ్య. "ఆ పేరు పడవదేనని రేపెవడైనా అంటే నా పక్కన ఎవరు నిలబడతారు? తప్పు కడుక్కోవాలంటే విందు పెట్టాలి. పిలవాలి, నోటితో చెప్పాలి, వడ్డించాలి, ఉత్త చేతులతో పంపకూడదు. మా తాతలు మాట జారినా అదే చేశారు. మీకు వేరే లెక్కా?"

"మావాళ్లు పత్రికా ప్రకటన ఇద్దామంటారేమోనండీ."

"అందులో చేపలుంటాయా?"

గెయిల్ ఒప్పుకుని వెళ్లారు. ఆ రోజు నుంచి విందు సంగతులకి ఆవిడకి నేనే దిక్కు. మధ్యాహ్నం గిన్నెలు తోముకునే వేళకి ఫోను మోగేది.

"పైవాళ్లు చిరుతిళ్లు చాలంటున్నారండీ. నిలబడి తినేవి."

"నిలబడి తిన్నవాళ్లకి ఏదీ గుర్తుండదని చెప్పండి."

"పంచడానికి కాఫీ కప్పులు అనుకున్నాం. వాటి మీద కంపెనీ గుర్తు వేయిస్తే బాగుంటుందా? మరీ మా డప్పు కొట్టుకున్నట్టు ఉంటుందేమో."

"వేయించండి," అన్నాను. "పెద్దగా."

ఫోను పెట్టేశాక విల్‌ఫ్రెడ్ నా వంక అనుమానంగా చూశారు. "ఎందుకే నవ్వుతున్నావు?"

"రోజూ పొద్దున్నే ప్రతి ఇంట్లో, ప్రతి బల్ల మీద, తప్పు చేసిందెవరో కాఫీతో సహా కనబడుతుంది కదా, అందుకు."

"పాపం తగులుతుంది నీకు," అన్నారాయన, చొక్కాతో ముఖం తుడుచుకుంటూ.

కంపెనీ విందు రోజున ఊరంతా రేవులో నిలబడ్డాం. చుట్టుపక్కల ఊళ్ల పెద్దలూ వచ్చారు. పడవ వచ్చి ఆగింది. ఇద్దరు పనివాళ్లు తాళ్లకి కట్టిన పలక మీద దిగి ఆ పేరుని గీకారు. గీకుడు చప్పుడొక్కటే. రాలిన నీలం పెచ్చులు నీళ్లలో పడకుండా అత్తయ్య కింద దుప్పటి పట్టించారు.

తరవాత అందరం విందులు జరిగే దేవదారు దూలాల పెద్ద ఇంట్లోకి వెళ్లాం. గెయిల్ నిప్పు పక్కన నిలబడ్డారు. వెనక కంపెనీ పెద్దలు ఇద్దరు, బూట్ల వంక చూసుకుంటూ. ఆవిడ చేతిలో కాగితం లేదు.

"అడక్కుండా తీసుకున్నాం. మీదాన్నే మీకు కానుకలా తెచ్చి చూపించి, మెచ్చుకుంటారని ఎదురుచూశాం. అది మాది కాదు. తిరిగి ఇచ్చేస్తున్నాం."

"గట్టిగా చెప్పమ్మా," అన్నాడు వెనక వరసలో ఓ ముసలాయన. "చెవిటివాళ్లం కూడా సాక్షులమే."

ఆవిడ గొంతెత్తి మళ్లీ మొత్తం చెప్పారు. ఒక్క మాటా తగ్గించలేదు.

ఆ తరవాత కొత్త బూట్లతోనే, మావాళ్లు అన్నిట్లో నంచుకునే చేపనూనె గిన్నె పట్టుకుని వరస వరసకీ తిరిగారు. చివరి ముసలమ్మ తినేదాకా ఆవిడ ఒక్క ముక్క నోట్లో పెట్టలేదు. అది మాత్రం నేను నేర్పలేదు. కప్పులు పంచుతూ నా దగ్గరికి వచ్చి ఒకటి నా చేతిలో పెట్టారు. కంపెనీ గుర్తు కప్పు చుట్టూ సగం దాకా పాకింది.

"పెద్దగా ఎందుకు వేయించమన్నారో పెట్టె విప్పుతుంటే తెలిసింది," అన్నారు. "ఇంకో అంగుళం పెంచి వేయిస్తే బాగుండేది. మా పైవాళ్లకి ఇంకా అర్థం కాలేదు. చెప్పకండి."

నేను ఆ కప్పుని గుర్తు జనం వైపు ఉండేలా తిప్పి పట్టుకున్నాను.

మర్నాడు మా విందు. అత్తయ్య జోలీన్ భుజాల మీద దుప్పటి కప్పి, నిప్పు ముందు నిలబెట్టి ఆ పేరు పిలిచారు. ఇల్లంతా ఒక్క గొంతుతో తిరిగి పిలిచింది. గెయిల్ కూడా వరసలో కూర్చుని పిలిచారు, తువ్వాలు పుచ్చుకున్నారు. నా పిల్ల అంతవరకు వంగి నడిచేది. ఆ పూట ఆ ఇంటి స్తంభంలా నిలబడింది. తువ్వాళ్లన్నీ అయిపోయాయి. మా ఆయనకి ఒక్కటీ మిగల్లేదు.

ఆ పడవ ఇప్పుడు ఉత్త నంబరుతోనే తిరుగుతోంది. గీకిన చోట తెల్లటి మచ్చ. కంపెనీవాళ్లు దాని మీద రంగు వేయమా అని అడిగితే అత్తయ్య వద్దన్నారు. వేరే పేరు సూచించమంటే ఆలోచిస్తానన్నారు. ఆవిడ ఆలోచించడం లేదని నాకు తెలుసు.

ముసలివాళ్లకి టిక్కెట్టు అక్కర్లేదు కనుక అత్తయ్య వారానికి రెండుసార్లు పడవెక్కుతారు. అవతలి ఒడ్డున ఆవిడకి పనేమీ లేదు. అక్కడి రేవులో ఆ మచ్చ బాగా కనబడే బల్ల మీద అల్లిక పట్టుకుని కూర్చుంటారు. కాసేపటికి ఎవరో కొత్తవాళ్లు అడగనే అడుగుతారు, కొత్త పడవకి ఆ మచ్చేమిటని.

"మచ్చ కాదు బాబూ," అంటారు అత్తయ్య, సూదులు పక్కన పెట్టి. "అక్కడ మా మనవరాలి పేరు ఉండేది. తిరిగి ఇచ్చేశారు. మంచి కంపెనీ. కూర్చో, చెప్తాను."