సగంలో ఆగిన మాట

మైకు మూతికి తొడిగిన నల్లటి స్పాంజి టోపీని ఊడదీసి, కిటికీ దగ్గర అరచేతికేసి కొట్టాడు మైకాయన. దుమ్ము లేచింది. టోపీని తిరిగి తొడిగి, వైరును కాలికి తగలకుండా బల్ల కిందికి తోసి, పక్క కుర్చీ ముందున్న మైకు దగ్గరికి వెళ్ళాడు. కౌన్సిల్ సమావేశం ఉన్న రోజున ఒక్కో సభ్యుడి బల్ల దగ్గరా ఇలా ఆగుతూ హాలంతా చుట్టివస్తాడు. అందరిలా వన్, టూ, త్రీ అనడు. మైకు ముందు వంగి, "వినపడుతోందా?" అంటాడు. బయట వరండా చూరుకు కట్టిన హారను కూడా అదే మాట అంటే తల ఊపుకుని ముందుకి కదులుతాడు.

పొట్టి మనిషి. ఎదుటివాళ్ళ మాట సరిగ్గా వినపడనట్టు మెడ ఎప్పుడూ కాస్త ముందుకి సాగి ఉంటుంది. టంకం పెట్టే కడ్డీ తగిలి తగిలి వేళ్ళ చివర్లు కాయకాసి నున్నగా అయ్యాయి. హాల్లో ఆయన చోటు తలుపు పక్క మూల. చిన్న బల్ల, దానిమీద యాంప్లిఫయరు, దానికి వరసగా మరలు, ఛైర్మన్ మైకుకి ఒకటి, మిగతా మైకులన్నిటికీ కలిపి ఒకటి, హారనుకి ఒకటి. అక్కడ కూర్చుంటే ఛైర్మన్ ముఖం సూటిగా కనిపిస్తుంది. ఆ బల్లను అక్కడ వేయించింది ఛైర్మనే.

ఆ హారను కట్టింది మైకాయనే. అంతకుముందు సమావేశాలు మూసిన తలుపుల వెనక జరిగేవి. లోపల ఏం తేల్చారో, ఇంటి ముందుకి పొక్లెయిను వచ్చి నిలబడ్డాక గానీ జనానికి తెలిసేది కాదు. తర్వాత చట్టం వచ్చింది. ముందే బోర్డు మీద రాయాలి, తలుపులు తీసి ఉంచాలి, లోపలి మాట బయటికి వినపడాలి, మాట్లాడతామన్న మామూలు మనిషికి కూడా కాసేపు మైకు ఇవ్వాలి అన్నారు. నిచ్చెన ఎక్కి హారను బిగించిన రోజున జనం ఎండలో నిలబడి విన్నారు. "గోడలకి చెవులుంటాయంటారు గానీ, నోరు కూడా వచ్చిందర్రా!" అన్నాడు ఒక ముసలాయన. ఆ మాటను మైకాయన ఆ రోజు ఇంట్లో అన్నం తింటూ అందరికీ చెప్పాడు. మర్నాడు కూడా చెప్పాడు.

మొదటిసారి ఛైర్మన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ తనవైపు చూసినప్పుడు మైకాయనకి అర్థం కాలేదు. ఎవరో మురుగుకాలువ పనుల గురించి గట్టిగా అడుగుతున్నారు. సమావేశం అయ్యాక ఛైర్మన్ లోపలికి పిలిచాడు.

"జోడు తీసింది నేను. కళ్ళు కనపడంది నీకా?" అని నవ్వాడు. "నిన్ను పర్మనెంటు చేసే ఫైలు నా బల్లమీదే ఉందయ్యా. ఎక్కడికీ పోలేదు."

అప్పుడు అర్థమైంది. ఆ ఉద్యోగం పర్మనెంటు అయింది. ఆ తర్వాత ఎప్పుడు జోడు ముక్కు దిగినా, మైకాయన వేళ్ళు మర మీదికి వెళ్ళేవి. మాట్లాడే మనిషి పెదవులు కదులుతూనే ఉండేవి, హారను మూగబోయేది. కరెంటు అనేవాడు, వైరు అనేవాడు, వానకి తడిసిందనేవాడు. "ఆ హాల్లో కరెంటుకి కూడా లోకజ్ఞానం ఉంది, ఎవరి దగ్గర ఆగాలో దానికి తెలుసు" అని ఊళ్ళో వాళ్ళు జోకులేసేవాళ్ళు. తేలు కుట్టిన దొంగలా ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. తిప్పేది నేనే గానీ తిప్పించేది నేను కాదుగా అని ఇంటికి నడుస్తూ తనకు తానే చెప్పుకునేవాడు. ఇల్లు చేరేసరికి ఆ మాట కూడా సరిపోయేది కాదు.

"ఒరేయ్, ఇంకా ఎవరూ రాలేదా?"

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. పెళ్ళిళ్ళకి తప్ప పెట్టెలోంచి తీయని బట్టలు కట్టుకుంది. మార్కెట్ పక్కనున్న పొడుగు వరండాలో కుట్టుమిషను పెట్టుకుని ఆవిడ బతుకంతా గడిచింది. అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆ మిషనే. చిన్నప్పుడు అతని చొక్కాకి ఒక జేబు ఒక రంగు, ఇంకో జేబు ఇంకో రంగు. పిల్లలు వెక్కిరిస్తే, "వాళ్ళకి ఒక్క రంగే దొరికింది పాపం" అనేది.

"నువ్వెందుకొచ్చావక్కా?"

"మాట్లాడ్డానికిరా. వరండా సంగతి ఇవాళేనంటగా. అందరూ కలిసి నన్నే పొమ్మన్నారు. మీ తమ్ముడు అక్కడే ఉంటాడు, నీకేం భయం అన్నారు."

ఆయన చేతిలోని వైరును చుట్టాడు, విప్పాడు. "వద్దులే అక్కా. అదంతా పెద్దవాళ్ళ వ్యవహారం. ఇంటికెళ్ళు, నేను కనుక్కుని చెప్తాను."

"అడగడానికి పెద్దా చిన్నా ఏంటిరా? అడగొచ్చని చట్టం వచ్చిందని నువ్వే చెప్పావుగా." అక్క మైకు దగ్గరికి వెళ్ళి, దాన్ని తాకకుండా చుట్టూ చూసింది. "దీనికి నోరు ఎంత దూరంలో పెట్టుకోవాలి?"

"జానెడు."

ఆవిడ జాన పరిచి కొలుచుకుంది. కుట్టేవాళ్ళ జాన కదా, బరాబరుగా వచ్చింది. "ఇంతేనా! నేను ఇంకా గట్టిగా అరవాలేమో అనుకున్నా." వరండా ఈ చివర నుంచి పిలిస్తే మార్కెట్ ఆ చివర టీ కొట్టాయన పలికే గొంతు అక్కది.

కాసేపటికి సభ్యులు వచ్చారు. వాళ్ళెవరూ నేరుగా హాల్లోకి రారు. ముందు ఛైర్మన్ గదిలో కూర్చుంటారు. అసలు సమావేశం అక్కడే. హాల్లో జరిగేది చేతులెత్తడమే. ఒక్క మూడో వార్డు సభ్యురాలు మాత్రం, ఆవిడ రిటైరైన నర్సు, ఆ గదిలోకి వెళ్ళకుండా వచ్చి తన కుర్చీలో కూర్చుంటుంది. మైకాయన ఛైర్మన్‌కి కాలరు మైకు పెట్టడానికి వెళ్ళేసరికి గదిలో టీలు అయిపోయి, నవ్వులు నడుస్తున్నాయి.

"వరండా అంశం తొందరగా తేలిపోవాలి," ఛైర్మన్ మెడ ఎత్తి పట్టుకుని అన్నాడు. "ఎవరో ఒకావిడ మాట్లాడతానని చీటీ ఇచ్చిందట. కుట్టుపని మనిషి. మనవాడున్నాడులే."

మా అక్కండీ అందామనుకున్నాడు. క్లిప్పు బిగించాడు. "అయిపోయిందండి," అని బయటికొచ్చాడు.

అక్క వంతు వచ్చింది. మైకుకి జానెడు దూరంలో నిలబడి, ఒకసారి తమ్ముడివైపు చూసి మొదలుపెట్టింది.

"అందరికీ దండాలు. మార్కెట్ వరండాలో మేమంతా వరసగా మిషన్లేసుకుని కుడతామండి. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగంమంది బట్టలు మా చేతుల్లోంచి పోయినవే. రెండో వరసలో ఆ బాబు ప్యాంటు నడుము పోయినేడు వదులు చేశా. మొన్న మళ్ళీ వదులు చేశా."

హాలంతా నవ్వింది. ఆ బాబు కూడా పొట్ట తడుముకుని నవ్వాడు. మైకాయనకి ఎక్కడో గుండె తేలికైంది. ఇలాగే నవ్వించి దిగిపోతే బాగుండు అనుకున్నాడు.

"ఆ వరండా లీజుకివ్వాలా వద్దా అని ఇవాళ మీరు మాట్లాడుకుంటారని బోర్డు మీద రాశారు. బానే ఉంది. కానీ పోయినవారం ఇద్దరు మనుషులు టేపు తెచ్చి, మా కాళ్ళ మధ్యలోంచి నేల కొలుచుకున్నారండి. షట్టరు ఎక్కడ రావాలో గోడమీద గీతలు గీసుకున్నారు. ఎవరు పంపారయ్యా అంటే, అంతా అయిపోయిందమ్మా, మీకింకా చెప్పలేదా అన్నారు. నాకదే అర్థం కాలేదు. మీరు ఇవాళ మాట్లాడుకోబోయే మాట వాళ్ళకి పోయినవారమే ఎలా..."

ఛైర్మన్ జోడు తీశాడు. జేబురుమాలుతో తుడుస్తున్నాడు.

మైకాయన చూపు తిప్పుకోబోయాడు. వేళ్ళు మాత్రం ఆగలేదు. వాటికి ఆ దారి బాగా అలవాటు. మర తిరిగింది.

అక్క పెదవులు ఇంకో రెండు మాటలు కదిలాయి. తన గొంతు తనకి చిన్నదిగా వినపడేసరికి ఆగి, మైకుని చూసి, మూలకి తిరిగింది. "తమ్ముడూ, ఆగిపోయిందిరా. చూడు."

ఆయన బల్ల కింద దూరాడు. మోకాళ్ళమీద కూర్చుని, ఏ తప్పూ లేని వైరును పట్టుకుని, ఊడదీసి, మళ్ళీ పెట్టాడు. అక్క అరిస్తే ఆ హాలు చాలదు. మైకు అక్కర్లేని గొంతు. అయినా అరవలేదు. తమ్ముడు బాగుచేస్తున్నాడు, ఒక్క నిమిషం అన్నట్టు సభ్యులవైపు చూసి నవ్వుతూ, రెండు చేతులూ కట్టుకుని నిలబడింది. బల్ల కింద నుంచి ఆయనకి ఆవిడ పాదాలే కనపడుతున్నాయి. చెప్పులు హాలు గుమ్మం దగ్గరే విడిచి వచ్చింది.

"పాపం, యంత్రం మొరాయించింది. ఆవిడకిచ్చిన సమయం కూడా అయిపోయింది." ఛైర్మన్ మైకు ఖంగుమని పలికింది. "సమ్మతమైనవారు చేతులెత్తండి."

"ఆవిడ మాట పూర్తి కాలేదు!" నర్సమ్మ లేచింది. ఆవిడ మైకూ పలకలేదు. చేతులు లేచాయి. తిలాపాపం తలా పిడికెడు.

సమావేశం అయ్యాక అక్క చెప్పులు తొడుక్కుంటూ ఆయన కోసం ఆగింది.

"నిన్నేమన్నా తిట్టారట్రా?"

"లేదు."

"మొహం అలా పెట్టావేం మరి? యంత్రం అన్నాక ఆగదూ? నా మిషను ఎన్నిసార్లు ఆగలేదు. నీ తప్పేముంది." భుజంమీది దుమ్ము దులిపింది. బల్ల కింద అంటుకున్న దుమ్ము అది. "మిగతాది ఈసారి చెప్తాలే."

ఈసారి అంటూ ఏదీ లేదని ఆయన చెప్పలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళే దారిలో కాళ్ళు వరండావైపు మళ్ళాయి. చివరి మిషను అక్కది. ఎవరిదో దిండు గలీబు కుడుతోంది. ఆయన్ని చూసి పక్క మిషనావిడ, "మీ తమ్ముడొచ్చాడు, పాపం ఎంత అవస్థ పడ్డాడో" అంది. ఆ పాపం చెంపమీద కొట్టినట్టయింది.

"మైకు ఆగలేదక్కా," అన్నాడు నేలవైపు చూస్తూ. "నేనే ఆపాను."

తొక్కుడు ఆగలేదు. కుట్టు అంచుదాకా వెళ్ళింది. అక్క దారం తెంపింది.

"ఇంతకుముందు కూడానా?"

"ఊఁ."

"ఎప్పుడూ మొరాయిస్తోందని చెప్పేవాడివి, అదంతా ఇదేనా?"

అక్క గలీబును మడతపెట్టింది. మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"వీళ్ళందరికీ నీ పేరు చెప్పి బయల్దేరానురా," అంది. అరవలేదు. పక్క మిషనుకి కూడా వినపడనంత చిన్నగా అంది. "నాకెందుకు చెప్తున్నావు ఇప్పుడు? ఆ మాట ఆ మైకులో చెప్పగలవా?"

ఆయన మెడ ఇంకా ముందుకి వంగింది. అక్క, "ఇంటికెళ్ళు. చీకటి పడుతోంది," అని ఇంకో గలీబు అందుకుంది.

వరండా ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. ఖాళీ చేసే రోజున సామాను మోయడానికి సెలవు పెట్టి అక్క గదికి వెళ్ళాడు. తాళం వేసి ఉంది. తెల్లవారగానే మిషను ఆటోలో వేయించుకుని పొరుగూరి బట్టల కంపెనీలో పనికి వెళ్ళిపోయిందని పక్కింటావిడ చెప్పింది. "తమ్ముడికి చెప్పారా అని అడిగానయ్యా. వాడికి పనులుంటాయిలే అంది."

తర్వాతి సమావేశానికి మైకులన్నీ ఎప్పటిలాగే తుడిచాడు. మాట్లాడటానికి బయటివాళ్ళు ఎవరూ రాలేదు. బెంచీలు ఖాళీగా ఉన్నాయి. ప్రజల్లో ఎవరైనా ఉన్నారా అని కార్యదర్శి ఆనవాయితీగా అడిగి, లేరు అనబోతుంటే, మైకాయన తన బల్లమీది టెస్టింగు మైకు తీసుకుని లేచాడు. హారను మరను చివరిదాకా తిప్పాడు.

"పోయినసారి మైకు ఆగలేదండి. నేనే ఆపాను. అంతకుముందు కూడా నేనే. ఛైర్మన్ గారు జోడు తీసినప్పుడల్లా."

ఛైర్మన్ చేయి అలవాటుగా జోడు మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. హారను బయట ప్రతి మాటనూ పలికింది. ఆఫీసు వరండాలో ఒక కుక్క, సైకిలు తాళం తీసుకుంటున్న ఒక మనిషి ఉన్నారు. ఆ మనిషి తలెత్తి చూసి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆయన్ని సస్పెండు చేశారు. నర్సమ్మ ఊరుకోలేదు. పై అధికారుల చుట్టూ తిరిగింది. చివరికి లీజు చెల్లదనీ, ఆ అంశం మళ్ళీ జనం ముందు పెట్టి తేల్చాలనీ ఉత్తర్వు వచ్చింది. ఆవిడే ఇంటికి వచ్చి చెప్పింది. "మీ అక్కని రమ్మని చెప్పు. మిగతాది చెప్పాలిగా."

ఆయన పొరుగూరి కంపెనీకి వెళ్ళాడు. గేటు దగ్గర పేరు చెప్పి పంపితే, లోపలినుంచి వచ్చిన మనిషి, "ఆవిడకి తమ్ముడెవరూ లేరంటున్నారండి," అన్నాడు.

తిరిగొస్తూ మార్కెట్ వరండా దగ్గర బస్సు దిగాడు. షట్టర్లు రాలేదు, మిషన్లూ లేవు. గోడమీద సుద్దగీతలు సగం చెరిగిపోయాయి. చివర, అక్క కూర్చునే చోట, గోడకి కొట్టిన మేకుకి సూదులు గుచ్చుకునే చిన్న గుడ్డదిండు ఇంకా వేలాడుతోంది. దానికి గుచ్చిన ఒకే ఒక్క సూదిలో, ఏదో కుట్టబోయి వదిలేసినట్టు, దారం ఎక్కించే ఉంది.