ఎంతమంది విన్నారు

మా పంపుల ఫ్యాక్టరీలో ఎవరికి ఏం తెలిసినా రాసి దాచే చోటు ఒకటుంది. దానికి కంపెనీ పెట్టిన పేరు పలకడానికి నోరు తిరగదు గనక అందరూ అటక అంటారు. ఏ సీలు ఎందుకు కారుతుంది, ఏ కస్టమరుకు దేనికి కోపం వస్తుంది, అన్నీ అటక మీదే. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో తెరిచి చూసుకోవచ్చు. పదకొండు వేల పేజీలు. వాటిని సర్దడం, ఎవరికి తలుపు తీయాలో ఎవరికి మూయాలో చూడడం, రోజూ నకలు తీసి వేరే చోట భద్రపరచడం నా ఉద్యోగం. కిటికీ లేని గదిలో నేనూ, ఏసీ, రెండు సర్వర్లు. పాస్‌వర్డ్ మరిచిపోతే తప్ప నా దగ్గరికి ఎవరూ రారు. వచ్చినవాళ్లు కూర్చోరు, రెండో కుర్చీ లేదు. అడిగితే ఇస్తారు. ఎందుకో అడగలేదు.

సోమవారం పదకొండింటికి మాత్రం ఒక ఫోన్ వస్తుంది. చెవుల మేస్త్రిది.

"అమ్మాయ్, మన చప్పుళ్లు ఈ వారం ఎంతమంది విన్నారు?"

ఆయన ముప్పై నాలుగేళ్లు మా పాత షెడ్డులో ఫిట్టరు. పంపు మీద స్క్రూడ్రైవర్ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, "బేరింగు పోయింది, విప్పండి" అనేవారు. విప్పితే పోయే ఉండేది. రిటైరయ్యే ముందు నేనే వెంటపడి ఆయన చేత నలభై రెండు చప్పుళ్లు రికార్డు చేయించాను. ఒక్కో చప్పుడు వెనక ఆయన గొంతు: "ఇదిగో, ఈ గరగర విన్నావా, గ్రీజు ఎండిపోయింది. కంగారేం లేదు." అన్నీ అటకెక్కించాను. బయట ఆ మాటకు అర్థం వేరేమో గానీ మా దగ్గర అది గౌరవమే. "మీ ఫోన్ నిండిపోయిందిగా బాబాయ్, ఇక తీసేయండి. నా దగ్గర రెండు నకళ్లుంటాయి" అని ధీమాగా చెప్పాను. తీసేశారు.

ఇప్పుడాయన వేరే ఊళ్లో కూతురి ఫ్లాట్‌లో ఉంటారు. నేను పేజీ కింద లెక్క చూపే కౌంటరు చూసి "పదిహేడు మంది బాబాయ్" అంటాను. "అబ్బో!" అంటారు. ఆ తర్వాత వాన, మోకాళ్లు, ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ల కబుర్లు, పది నిమిషాలు. మూడేళ్లుగా ఇంతే. ఆ పది నిమిషాల కోసం ఆదివారం నుంచే ఎదురుచూస్తానంటే నవ్వుతారేమో, నవ్వండి. ఇంట్లోనూ ఉండేది నేనొక్కదాన్నే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం డిస్కు కాలిపోయింది. శని, ఆదివారాలు కూర్చుని నకలు నుంచి అటకంతా తిరిగి నిలబెట్టాను. సోమవారం తొమ్మిదికల్లా పదకొండు వేల పేజీలూ లేచి కూర్చున్నాయి. మేనేజరు గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టి వెళ్లాడు. అప్పుడు తెరిచాను మేస్త్రి పేజీ. రాత ఉంది. చప్పుడు నొక్కితే "ఫైలు దొరకలేదు". నలభై రెండూ అంతే.

కారణం వెతకక్కర్లేదు, నాకు తెలుసు. రెండేళ్ల కిందట నకలు తీయడం పొద్దెక్కేదాకా సాగి, కంప్యూటర్లు నత్తనడక నడుస్తున్నాయని అందరూ నా మీద పడ్డారు. విసుగొచ్చి "బరువైన ఫైళ్లు" అన్న గడిలో టిక్కు తీసేశాను. మళ్లీ పెడదామనే అనుకున్నాను. రోజూ "నకలు విజయవంతం" అని పచ్చగా కనిపిస్తుంటే ఎవరికి గుర్తుంటుంది? రెండో నకలు మొదటిదాని నకలే. తొంభై రోజులు దాటిన పాత నకళ్లను చెరిపేయాలని నియమం పెట్టిందీ నేనే. మళ్లీ రికార్డు చేద్దామంటే ఆ పాత పంపుల్ని తుక్కుకు అమ్మేసి షెడ్డునే కిందటేడు కూల్చేశారు. కంచే చేను మేసిందంటే ఇదే.

ఎవరెవరికి క్షమాపణ చెప్పుకోవాలో చూద్దామని, విన్నవాళ్ల జాబితా మొదటిసారి తెరిచాను. కౌంటరు అంకె చెబుతుంది గానీ మనుషుల్ని చెప్పదు. జాబితా చెబుతుంది. మూడేళ్ల జాబితా కిందిదాకా జరిపాను. ఒకటే పేరు. మేస్త్రిదే. రిటైరైన రోజే మూసేయాల్సిన ఖాతా. మూయడానికి చెయ్యి రాక వదిలేశాను. పదిహేడు మంది కాదు, ఒక మనిషి పదిహేడు సార్లు. ఫ్యాక్టరీలో ఒక్కరంటే ఒక్కరు వినలేదు. ఎన్నిసార్లు అని రాసి ఉన్నదాన్ని ఎంతమంది అని చదివింది నేను.

పదకొండైంది. ఫోన్ మోగింది.

"అమ్మాయ్, మన చప్పుళ్లు..."

నిజం చెబితే ఇక ఫోన్ చేయడానికి ఆయనకు పనేముంది? చప్పుళ్లు పోయినదానికంటే ఆ భయమే నాకు ఎక్కువగా ఉంది. సిగ్గుగా ఉన్నా ఒప్పుకోవాలి.

"పోయాయి బాబాయ్. నా వల్లే. నలభై రెండూ పోయాయి."

"శనివారం నుంచీ రావట్లేదు," అన్నారాయన. "నా ఫోనే పాడైందనుకున్నా."

"వింటున్నది మీరొక్కరేనని ఇవాళే చూశాను."

"నాకు తెలీదా ఏంటి? నువ్వు చెప్పే లెక్కా, నేను విన్న లెక్కా ఒకటేగా. ఈ ఇంట్లో ఫ్రిజ్ కూడా చప్పుడు చెయ్యదు అమ్మాయ్. నువ్వు 'మంది' అంటుంటే బావుండేది. అందుకే సరిదిద్దలేదు."

నాకు ఏడుపొచ్చింది.

"ఊరుకో. ఆ పంపులే లేవు, ఇక చప్పుళ్లెందుకు?" అన్నారు. మళ్లీ ఆయనే, "మరి వచ్చే సోమవారం ఏమని అడగను?" అన్నారు.

"ఊరికే చేయండి బాబాయ్."

"ఊరికే ఫోన్ చేసి ఒకళ్ల పని చెడగొట్టడం నాకలవాటు లేదమ్మా," అని నెమ్మదిగా పెట్టేశారు.

జరిగింది మేనేజరుకు రాసి పంపాను. ఎవరైనా ఫిర్యాదు చేశారా అని అడిగాడు. లేదన్నాను. అయితే సరే అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ గడిలో టిక్కు పెట్టాను.

తర్వాతి సోమవారం పదకొండు దాటింది, పదకొండుంబావు దాటింది. ఫోన్ మోగలేదు. మిగిలిన పని ఆయన ఖాతా మూయడమే కదా అని తెరిచాను. ఆ పొద్దున పది యాభైకి ఆయన లోపలికి వచ్చారు. మొదటి చప్పుడు నొక్కారు, ఫైలు దొరకలేదు. రెండోది నొక్కారు. మూడోది నొక్కారు. అలా నలభై రెండూ, ఒక్కటీ వదలకుండా నొక్కి చూసి వెళ్లిపోయారు.

మూడేళ్లలో ఫోన్ ఎప్పుడూ ఆయనే చేశారు. నేను ఒక్కసారీ చేయలేదు. ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఖాతా మూయలేదు. ఆయన నంబరు నొక్కాను. మొదటి రింగుకే ఎత్తారు.

"ఏంటమ్మాయ్, ఏమైనా పనా?"

"పనేం లేదు బాబాయ్," అన్నాను. "ఊరికే."