మడమ వెనక ధాన్యం

షీబాకు భయం పట్టిందని అందరికంటే ముందు కనిపెట్టింది తల్లి జ్ఞానసుందరే. ఆవిడకు క్రికెట్‌లో ఓనమాలు కూడా రావు. నెల కిందట కొత్త బంతి లేచి పిల్ల హెల్మెట్‌కు ఠంగుమని తగిలింది. దెబ్బ రెండు రోజుల్లో తగ్గింది గానీ, అప్పట్నుంచి బౌలరు చేయి తిప్పితే చాలు, కుడికాలు దానంతటదే వెనక్కి జారిపోతోంది. నవ్వడం కూడా మానేసింది.

కోచ్ ధర్మేంద్ర మొహమాటపడలేదు. "పరుగులు తరవాత సూద్దాం. ఓపెనరంటే బంతి పాతబడేదాకా నిలబడాల. శనివారం విజయనగరం సెలక్షన్లలో ఆ కాలు పోయిందంటే నీ పేరు రాయలేనమ్మా" అనేశాడు.

జ్ఞానసుందరిది ఆమదాలవలస మిల్లులో ధాన్యం ఆరబెట్టే పని. పని దిగాక అక్కడే సిమెంటు కళ్ళం మీద తడిపిన టెన్నిస్ బంతి విసిరేది. తడి బంతి జర్రున లేచేది, పిల్ల కాలు పోయేది. మూడు రోజులు అదే తంతు. నాలుగో రోజు ఆవిడ గుప్పెడు ధాన్యం తెచ్చి కూతురి మడమల వెనక వరసగా పోసింది.

"ఏటమ్మా ఇది?"

"నీకెందుకే? బంతి సూడు."

ఒట్టి కాళ్ళతో ధాన్యం తిరగేస్తారు గానీ, దాని మీద బూటుకాలు పెట్టడమంటే ఆ ఇంట్లో ఆదివారం గుడి ఎగ్గొట్టినంత తప్పు. మొదటి బంతికే గింజలు కరకరమన్నాయి. "అయ్యో ప్రభువా!" అని షీబా ఎగిరి దూకింది. తర్వాత బంతికి కాలు సగంలో ఆగింది. దీపాలు పెట్టే వేళకి కదలడమే మానేసింది. కాలు నిలబడితే తల నిలబడింది, బంతి ఆఖరుదాకా కనబడింది. మీదికి లేచినవాటిని చక్కగా వదిలేసింది.

శనివారం తల్లీ రైలెక్కింది. గ్రౌండంతా గడ్డే. ఇక్కడ పిల్ల కాలికి అడ్డమేమీ లేదని అప్పుడు తట్టింది ఆవిడకు.

మొదటి బంతే లేచింది. నేరుగా పక్కటెముకలకు తగిలింది. జ్ఞానసుందరి చెప్పులు వదిలేసి లేచింది. కదలకుండా చేసింది తనే కదా అని గ్రౌండులోకి రెండడుగులు వేసింది. షీబా పక్క నిమురుకుంటూ కిందికి చూసుకుంది. కాలు ఉన్నచోటే ఉంది. తల్లి వైపు చేయి చూపించి కూర్చోమంది.

రెండో బంతీ అంతే ఎత్తున వచ్చింది. షీబా మోకాళ్ళు వంచి, చేతులు దించి, వదిలేసింది.

పన్నెండు ఓవర్లు నిలబడి, పంతొమ్మిది పరుగులు చేసి అవుటయింది. ధర్మేంద్ర షీబా పేరు రాసుకున్నాడు. జ్ఞానసుందరికి ఆ కబురు పట్టలేదు. కూతుర్ని టెంటు వెనక్కి లాక్కెళ్ళి చొక్కా పైకెత్తి చూసింది. నిమ్మకాయంత కమిలింది.

"నొప్పుందేటే?"

"సానా ఉన్నాదమ్మా" అని షీబా పకపకా నవ్వింది. నెల తర్వాత విన్న ఆ నవ్వుకి జ్ఞానసుందరికి ఏడుపు ఆగలేదు.