మూడో పాటలో డ్రమ్ములు

మా అన్నయ్యకి అబద్ధం చెప్పడం రాదు. ఏదైనా దాచాల్సి వస్తే తల వంచుకుని గిటారు శ్రుతి చేస్తూ కూర్చుంటాడు. ఆ రోజు ఫోన్లో నాతో మాట్లాడుతూ కూడా శ్రుతి చేస్తూనే ఉన్నాడు. నాకు అనుమానం రాక ఏమవుతుంది?

మాది నలుగురి బ్యాండు. అన్నయ్య పాటలు కట్టి పాడతాడు. వదినది పన్నెండు తీగల గిటారు. బేస్ గిటారు వాయించే అతన్ని మౌని అంటాం, రోజుకి పది మాటలు మించి మాట్లాడడు గనక. డ్రమ్ములు నావి. నాకు వాళ్ళు పెట్టిన పేరు రైలుబండి. ఎంత నెమ్మది పాటనైనా మూడో చరణానికల్లా పరుగెత్తిస్తానట. అది నిజమే. కానీ ఎవరైనా ఆ మాట పైకంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ ఆల్బమ్ అన్నయ్య పిచ్చి. అరవైల నాటి బ్యాండ్లలా చేయాలన్నాడు. గిటార్లు గలగలమనాలి, గొంతులు మత్తులో తేలాలి, మధ్యమధ్య టేపు తిరగేసి తిప్పినట్టు తీగల మోత వెనకనుంచి ముందుకి వినపడాలి. కంప్యూటరు ముట్టుకోకూడదు. అంతా టేపు మీదే, అదీ పాటకి ఒకే ఒక్క టేపు, నకలు తీయకూడదు. చెరిగితే చెరిగినట్టే. ఆ భయంతో వాయిస్తేనే పాటకి ప్రాణం వస్తుందని తన సిద్ధాంతం.

స్టూడియో ఒకప్పుడు పరుపులు కుట్టే షెడ్డు. గోడలకి ఇప్పటికీ పాత పరుపులే కొట్టి ఉన్నాయి. టేపు మిషను నడిపే పెద్దాయనదే ఆ షెడ్డు, ఆయన్ని ఇంజనీరు గారంటాం.

మూడో పాట మరీ నెమ్మదైంది. రెండు రోజులు వాయించాను, రెండు రోజులూ అన్నయ్య మొహం చిట్లించాడు. మూడో రోజు సరదాగా, ఎంత వేగంగా కావాలంటే అంత వేగంగా వాయించుకోమన్నాడు. నలుగురం గెంతుతూ వాయించి, పడీ పడీ నవ్వి, ఇళ్ళకి పోయాం. మర్నాడు పొద్దున్నే అన్నయ్య ఫోను చేసి, మూడో పాటకి డ్రమ్ముల పని అయిపోయింది, నువ్వు నాలుగు రోజులు విశ్రాంతి తీసుకో అన్నాడు. నేను సరిగ్గా ఒక్కసారి కూడా వాయించని పాటకి పని ఎలా అయిపోయిందని అడిగాను. అవతల గిటారు శ్రుతి చేస్తున్న చప్పుడు వినపడింది.

విశ్రాంతి తీసుకుంటానా నేను? ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. తలుపు తెరవగానే మాటలు ఆగిపోయాయి. ఇంజనీరు గారు శబ్దం తగ్గించేశారు. వదిన అడక్కుండానే మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అన్నిటికంటే ఘోరం, మౌని తనంతట తానే భోజనం చేశావా అని పలకరించాడు. ఏదో గూడుపుఠాణి నడుస్తోందని నాకు రూఢి అయిపోయింది.

వెళ్ళిపోతున్నట్టు బయటికొచ్చి తలుపు వెనకే నిలబడ్డాను. మూడో పాట మళ్ళీ మొదలైంది. అందులో డ్రమ్ములు నావి కావు. నా దెబ్బ బిగువుగా, పొడిగా ఉంటుంది. ఇది బరువైన మనిషి తొందరేమీ లేకుండా మెట్లు దిగుతున్నట్టుంది. సింబల్, అదే ఇత్తడి పళ్ళెం, దాని మోత ఎంతకీ ఆగదు. బాగుంది. చాలా బాగుంది, అదే నా కడుపుమంట.

“తనకి ఇప్పుడే చెప్పకండి. చెప్తే ఏం చేస్తుందో తెలుసుగా,” అంది వదిన.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవర్నో తెచ్చారు, నన్ను కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారు. బళ్ళో చదివే రోజుల నుంచి అన్నయ్య వెనక కూర్చుని వాయిస్తున్నాను. ఆ కుర్చీ పోతే నాకు ఇంకెక్కడా చోటు లేదు. ఇంటికెళ్ళి ఏడ్చాను, ఏడ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

ఇంజనీరు గారు పొద్దున తొమ్మిదింటికి షెడ్డు తెరిచి, అరగంట పాటు టీకి వెళ్తారు. మర్నాడు ఆ అరగంటలో లోపలికి దూరాను. మూడో పాట టేపు మిషను మీదే ఉంది. పాట వింటూ, డ్రమ్ములున్న చోట మాత్రమే కొత్తగా ఎలా రికార్డు చేయాలో ఆయన్ని చూసి నేర్చుకున్నదే. ఎర్ర మీట నొక్కితే కిందున్నది చెరిగిపోతుందనీ తెలుసు. తెలిసే నొక్కి, వెళ్ళి నా డ్రమ్ముల ముందు కూర్చున్నాను.

పదింటికి అందరూ వచ్చారు. ఏదీ, మూడో పాట వినిపించండి అన్నాను. పాట సగానికి రాకుండానే డ్రమ్ములు పరుగందుకున్నాయి. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏం చేశావని అన్నయ్య అడిగాడు. కడుపులో ఉన్నదంతా కక్కేశాను: తలుపు వెనక విన్నదీ, వాళ్ళు తెచ్చిన మనిషి వాయింపుని నేనే చెరిపేసిందీ.

ఇంజనీరు గారు మిషను ఆపి కళ్ళజోడు తీశారు.

“అమ్మాయ్, అది నువ్వే.”

ఆ సరదా రోజున ఆయన టేపుని వేగంగా తిప్పుతూ నా వాయింపు ఒక్కటే పట్టారట. తర్వాత అదే టేపుని నెమ్మదిగా తిప్పారు. అలా తిప్పితే వేగం తగ్గుతుంది, దెబ్బ బరువెక్కుతుంది, సింబల్ సాగుతుంది. గిటార్లూ గొంతులూ దాని మీద తర్వాత కలిపారు.

నాకెందుకు చెప్పలేదని అరిచాను.

“మిషను పెట్టి నిన్ను నెమ్మది చేశామంటే ఊరుకుంటావా? నేనే వాయిస్తానని పట్టుబట్టి దాన్ని చెరిపించేదానివి,” అన్నాడు అన్నయ్య. “ఇన్నేళ్ళలో నువ్వు అంత బాగా ఎప్పుడూ వాయించలేదు.”

మళ్ళీ అలాగే చేద్దామన్నారు. టేపు వేగంగా తిప్పారు, హుషారుగా వాయించమన్నారు. నాలుగు రోజుల్లో ఇరవై ఒక్కసార్లు వాయించాను. కానీ ఇప్పుడు నాకు సంగతి తెలుసు. ప్రతి దెబ్బా టేపు నెమ్మదిగా తిప్పాక ఎలా వినపడుతుందోనని చేతులు ముందే బిగుసుకుపోయేవి. ఒక్కరూ విసుక్కోలేదు. ఒక్క తిట్టయినా తిడితే బాగుండుననిపించింది.

ఐదో రోజు పుల్లలు కింద పెట్టేశాను.

“ఈ పాటకి ఇంకెవరినైనా పిలు, అన్నయ్యా.”

వద్దంటాడేమోనని మొహంలోకి చూశాను. ఈ ఒక్క పాటకే అన్నాడు.

సోమవారం డ్రమ్ములు వాయించే ఒకామె వచ్చింది. నాకు నమస్కారం పెట్టి, నా కుర్చీలో కూర్చుని, తనకి సరిపడేలా ఎత్తు తగ్గించుకుంది.