విశ్వసనీయ వర్గముల చిరునామా

మాఘమాసాంతమున జీడిమామిడి తోటలు పూతవట్టి నాగావళీతీరసమీరమునకు తియ్యని మత్తును గలుపుచుండ పశ్చిమాద్రిశిఖరముల కొరగుచున్న దినమణి తన కుంకుమారుణకిరణములతో కళాశాలాక్రీడాంగణమందలి ధూళిని సైతము బంగారుపొడి గావించుచున్న యొక సాయంసమయమున కబడ్డీపోటీల తుదియాటను జూడ పట్టణమెల్ల గట్లపై గిక్కిరిసి నిలిచియుండెను. ఆ జనసమూహమధ్యమున మడతకుర్చీ నలంకరించిన దూసి కామరాజుగారి ముఖమండలము మాత్రము గ్రహణచంద్రబింబమువలె వెలవెలబోవుచుండెను.

ఏల యందురేని వినుడు. కామరాజుగారు స్థానికదినపత్రికయందు పదునారేండ్లుగా క్రీడావార్తలు వ్రాయు మహానుభావులు. మోకాలినొప్పి మిషతో ఆటస్థలమునకు బోవుట మాని టీదుకాణపు బల్లమీదనుండియే సమస్తమును దర్శింపగల దివ్యదృష్టి సంపాదించినవారు. కూతకు వెళ్లిన యొకడు ఎదుటి జట్టువారి నేడుగురను అంటి ఊపు ఆగక అంపైరును గూడ అంటి వచ్చెనని వ్రాసిన కలము వారిది. పాపము ఆ అంపైరు కూడ అవుటేనా యని పొరుగూరివారు ఉత్తరము వ్రాసిరట! ఎంతటి కల్పనకైనను వారు తగిలించు తోక యొక్కటే: విశ్వసనీయ వర్గముల భోగట్టా. ఆ వర్గము లన్యులు గారు. వారి గుబురుమీసములును ఎదుటి టీగ్లాసును.

ఒకనాడు పుటలో జానెడు చోటు మిగిలిపోగా కామరాజుగారు కళాశాల జట్టునాయకుడైన గొర్లె తవిటినాయుడు చదువు ముగియకమునుపే వృత్తిక్రీడలో జేరనున్నాడనియు మూడు పెద్ద లీగుజట్లు వానికై కుమ్ములాడుకొనుచున్నవనియు వ్రాసి పడవైచిరి. వారము తిరుగకముందే ఆ మూడును జనుల నోళ్లలో ఐదయ్యెను. ఐదవజట్టు విమానము గూడ బంపెను!

అంతట నొక యుదయమున తవిటినాయుడు జీడిపిక్కల మూటను చంకనిడుకొని టీదుకాణమునకు వచ్చి దానిని కామరాజుగారి యెదుట కానుకగా నుంచి వినయమున నిలిచెను.

"బావూ, రైల్వేవోలు ఆటగాళ్ల కోటాలో ఉజ్జోగం ఇత్తామని కాయితం పంపినారు. సోమారంలోగా ఒప్పుకోమన్నారు. మీరు రాసింది సూసి మాయయ్య ఒద్దన్నాడు. ఆ వర్గాలోలు ఎక్కడుంటారో సెప్తే ఓపాలి ఎల్లి కలిసొత్తాను."

"సెప్పీండి గురువుగారూ, మాఁవూ ఇంతాం!" అని టీకొట్టు అప్పన్న పళ్లికిలించెను.

నిజము నాలుకచివరకు వచ్చెను. పదుగురిలోని పరువు దానిని మెడబట్టి వెనుకకు ద్రోసెను.

"తొందరపడకు నాయనా. వాళ్లే నిన్ను వెతుక్కుంటూ వస్తారు" అని కామరాజుగారు టీ గుటకవేసిరి. సోమవారము గడచిపోయెను. ఏ జట్టును రాలేదు. వాడిచ్చిన జీడిపిక్కలు మాత్రము కామరాజుగారి యింట నట్లే యుండెను. ఆ పిక్కలను గాల్చుకొని తినుటకు వారికి చేయి రాలేదు. కావుననే నేడు మోకాలిని దిట్టుకొనుచు ఆటస్థలమునకు వచ్చిరి.

ఆట సరిసమానమై ముగింపునకు మూడు నిమిషములున్న తరుణమున కూతకు వచ్చిన ఎదుటివాని వ్రేలికొన తవిటినాయుని మడమను ఇసుమంత సోకెను. అంపైరు చూడలేదు. అంటినవానికే తెలియలేదు. తవిటినాయుడు చేయి పైకెత్తి గీత దాటి అవుటైనవారి వరుసలో దుమ్ములో గూర్చుండెను. ఊరి చెడుగుడులో వానికబ్బిన యలవాటది. దానిని తెలివితక్కువతనమని తమ పుటలో వెక్కిరించినవారును కామరాజుగారే.

"ఎవుడు సూసినాడని సెయ్యెత్తినావురా తవిటీ!" యని గట్టుమీదనుండి యొకడు గావుకేక పెట్టెను.

"నాకు తెలిసింది గదేటి" యని వాడు మెల్లగా బలికెను.

ఆ మాట కామరాజుగారి రొమ్మున దిగెను. వారు కుర్చీ విడిచి పట్టణమెల్ల జూచుచుండ కుడిచేయి పైకెత్తి కుంటుచు నడచి వానియెదుట నిలిచిరి.

"నాయనా, నిన్ను ఏ జట్టూ అడగలేదు. ఆ వర్గాలెవరూ లేరు. అంతా నేనే అల్లాను. ఆ రోజు చెప్పాల్సింది, చెప్పలేకపోయాను."

తవిటినాయుడు గీతవెలుపల నుంచిన తన సంచినుండి రైల్వేవారి కాగితమును దీసి మడత విప్పి గడువు తేదీని జూచి మరల మడిచెను. పిదప కొంచెము జరిగి చోటిచ్చెను. కామరాజుగారు ఎత్తిన చేయి దింపకయే తలవంచి ఆ దుమ్ములో గూలబడిరి.

ఆ యాటయందు అవుటైనవాడు తోడివాడు పాయింటు తెచ్చిన మరల లోనికి బోవును. కొంతసేపటికి తవిటినాయుడును పిలుపందుకొని లేచిపోయెను. ఆట ముగిసి జనము చెదరి ధూళియంతయు అణగినను కామరాజుగారిని లోనికి రమ్మన నొక్కరును రాలేదు. ఎత్తిన చేతిని దింపవచ్చునని చెప్పినవారును లేరు.