ఊదకూడని చోట ఈల

నేనొక ఈలను. ఇత్తడి ఒళ్లు, పైన నికెల్ పూత, కడుపులో కార్కు గింజ. ఆ గింజ ఒక్కచోట ఉండదు, అందుకే నాకూ కుదురు లేదు. మీరట్‌లో ఏదో చిన్న కార్ఖానాలో పుట్టి, గుంటూరులో ఆటసామాన్ల కొట్టుకి చేరాను. ఒకరోజు ఒకావిడ వచ్చి నన్ను ఊది చూసింది. కొట్టతను చెవులు మూసుకున్నాడు.

"ఇదే కావాలి," అంది ఆవిడ.

ఆవిడే సువార్త మేడమ్, ఆడపిల్లల కాలేజీలో బాస్కెట్‌బాల్ హెడ్ కోచ్. ఆవిడకూ నాలాగే కుదురు లేదు. కూర్చుంటే కాళ్లు ఊపుతుంది, నిలబడితే నన్ను కొరుకుతుంది. నా మూతి మీద ఆవిడ పళ్ల గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలకు ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. "నా విజిల్ వినపడితే ఎక్కడోళ్లు అక్కడ ఆగిపోవాలి. బాల్ గాల్లో ఉన్నా సరే!" వాళ్లు ఆగాక ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్లి, "ఇక్కడేం పనే నీకు?" అంటూ భుజం పట్టుకుని సరైన చోటికి జరిపేది. సొంత మనసు మాట వినని మనుషులు నా మాట వింటున్నారని నాకు భలే గర్వంగా ఉండేది.

పోటీల్లో ఊదే హక్కు రిఫరీదే. అందుకని మ్యాచ్ రోజున మేడమ్ నన్ను మెడలోంచి తీసి సంచిలో వేసేది. యూనివర్సిటీ ఫైనల్ రోజున మాత్రం ఆ హడావిడిలో మరిచిపోయింది. ఆ కప్పు ఆవిడ ఎన్నడూ గెలవలేదు. ఈసారీ తేకపోతే వేరే కోచ్‌ని చూసుకుంటామని కాలేజీవాళ్లు చెప్పేశారు కూడా. ఆట ఇంకొన్ని క్షణాల్లో ముగుస్తుందనగా మావాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. బంతి అవతలివాళ్ల చేతిలో ఉంది. మా కెప్టెన్ ఫర్జానా నిలబడకూడని చోట నిలబడింది. మేడమ్ ఉండబట్టలేకపోయింది. నన్ను ఊదేసింది.

మా అయిదుగురూ రాళ్లలా నిలబడిపోయారు. అవతలి పిల్ల తాపీగా బంతిని బుట్టలో వేసింది.

"ఎందుకాగారే?" అని ఏడ్చింది మేడమ్, మ్యాచ్ పోయాక.

"మీరే గదా మేడమ్ ఆగమంది," అంది ఫర్జానా, తనూ ఏడుస్తూ.

ఉద్యోగం పోయింది. వెళ్లేరోజు మేడమ్ నన్ను ఫర్జానా మెడలో వేసింది. కొన్నేళ్లకు ఫర్జానా అదే కాలేజీకి హెడ్ కోచ్ అయింది, తన పిల్లలకూ విజిల్ వినపడితే ఆగాలన్న నియమమే పెట్టింది. మళ్లీ అదే ఫైనల్‌కి చేరాం. ఆట మొదలయ్యే ముందు ఫర్జానా గ్యాలరీ ఎక్కి, అక్కడ కూర్చున్న సువార్త మేడమ్ చేతిలో నన్ను పెట్టింది.

"నా దగ్గరుంటే ఊదేస్తా మేడమ్. మీరే ఉంచండి."

"నా దగ్గరా? నీకేమన్నా పిచ్చా!" అంది మేడమ్. అయినా తీసుకుంది.

ఆట చివర్లో మళ్లీ మావాళ్లు ఒక్క పాయింటే ముందు, బంతి అవతలివాళ్ల చేతిలో. మళ్లీ మా పిల్ల ఒకతె నిలబడకూడని చోటే నిలబడింది. నేను మేడమ్ నోట్లో ఉన్నాను. ఊపిరి నా గొంతు దాకా వచ్చింది, గింజ కదిలింది. నాకు భయం వేసింది. మేడమ్ కళ్లు మూసుకుని నన్ను గట్టిగా కొరికింది, అంతే. కింద ఆ పిల్ల తనంతట తనే పక్కకి జరిగి, వస్తున్న బంతిని లాగేసుకుంది.

రిఫరీ ఆట ముగించాడు. గెలిచాం. కోర్టులోంచి ఫర్జానా పైకి చూసి అరిచింది.

"మేడమ్! ఇంక ఊదండి!"

మేడమ్ ఇన్నేళ్ల ఊపిరంతా నాలోకి ఊదింది. కింద గంతులేస్తున్న పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.