దిష్టిబొమ్మకు మంజూరు

కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఆ కొబ్బరి పరిశోధన కేంద్రంలో ఏటా డిసెంబరు వచ్చిందంటే పరిశోధన ఆగిపోయి సాహిత్యం మొదలయ్యేది. వచ్చే ఏడాదికి ఏమేం కావాలో, అవి వస్తే రాష్ట్రం ఎంత బాగుపడుతుందో హైదరాబాదుకు రాసి పంపాలి. ఆ రాత పని అకౌంటెంటు ఉమాశ్రీది.

దానికో పద్ధతి ఉంది. కట్టే ఇంటికి దిష్టి తగలకుండా బొమ్మను వేలాడదీస్తాం కదా, బడ్జెట్టుకూ అలాంటిదొకటి ఉండాలన్నది డైరెక్టరు మణిశంకర్ గారి సిద్ధాంతం. హైదరాబాదులో కూర్చున్నవాళ్ళు ఏదో ఒకటి కొట్టేయనిదే ఊరుకోరు. కొట్టేయకపోతే వాళ్ళకు తిన్నది అరగదు. అందుకని చూడగానే ఒళ్ళు మండే పద్దు ఒకటి మనమే పెట్టాలి. వాళ్ళ చూపంతా దాని మీద పడుతుంది, దాన్ని కొట్టేసి తృప్తిపడతారు, మిగతావి బతికి బయటపడతాయి. ఆఫీసులో ఆ పద్దును దిష్టిబొమ్మ అనేవారు. ఓ ఏడు కొబ్బరినీళ్ళతో నడిచే మోపెడ్ పెట్టారు. మరో ఏడు మొక్కలకు సంగీతం వినిపించే మైకుసెట్టు. రెండూ చక్కగా పోయాయి. ల్యాబుకు మైక్రోస్కోపు, నర్సరీకి మోటారు వచ్చాయి.

1998 డిసెంబరులో ఉమాశ్రీ ధైర్యం చేసి జాబితాలో ఒక కొత్త పద్దు చేర్చింది. ఆడ ఉద్యోగులకు మరుగుదొడ్డి.

నవ్వకండి. ఆ కేంద్రం కట్టిన మహానుభావుడికి ఆడవాళ్ళు కూడా ఉద్యోగాలు చేస్తారన్న సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. మగవాళ్ళకు ఒకటుంది గానీ దానికి తలుపు లేదు. ఉమాశ్రీ, టైపిస్టు సంపూర్ణమ్మ, ల్యాబు అసిస్టెంటు క్రిస్టినా అవసరం వస్తే ఎదురింటి వెంకటరత్నమ్మ గారి దొడ్లోకి వెళ్ళేవారు. ఆవిడ దేవత. కాకపోతే గడప తొక్కినవాళ్ళను కాఫీ ఇవ్వకుండా పంపితే ఆవిడకు ఆ పూట అన్నం సయించదు. కాఫీ తాగుతూ కోడలి సంగతులు వినాలి, విని అయ్యో అనాలి. ఇదంతా అయ్యి ఆఫీసుకు వచ్చి కూర్చుంటే, ఆ కాఫీ పుణ్యమా అని మళ్ళీ ఎదురింటికే పరుగు. ఇప్పుడు ఆవిడ ఆ ఇల్లు ఎరువుల కొట్టువాళ్ళకు అమ్మేసి పెద్దాపురం కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఉగాదికల్లా ఇల్లు ఖాళీ. ఆ తర్వాత ఈ ముగ్గురికీ దిక్కేదో ఎవరికీ తెలియదు.

"ఈసారి దిష్టిబొమ్మ దిట్టంగా ఉండాలండి ఉమాశ్రీ గారూ," అన్నారు మణిశంకర్ గారు.

ఉమాశ్రీ పంతం పట్టి రాసింది. కొబ్బరికాయలు దింపడం కోతికి నేర్పే ప్రయోగం. కోతి ఒకటి, నేర్పేవాడు ఒకడు. కోతి ఉండటానికి గది, గదికి టైల్సు, కుళాయి, నీళ్ళు పోయే తూము. కోతికి ఏకాంతం అవసరం కనుక తలుపుకు లోపలి గడియ.

"ఇది చూస్తే దేవుడైనా కొట్టేస్తాడండి!" అని మణిశంకర్ గారు మురిసిపోయి సంతకం పెట్టారు.

మార్చిలో జవాబు వచ్చింది. మరుగుదొడ్డి ఎదురుగా, 'శాస్త్ర పరిశోధనతో సంబంధం లేదు. తిరస్కరించడమైనది' అని ఉంది. కోతి ఎదురుగా, 'వినూత్నం. రాష్ట్రాభివృద్ధికి ఇలాంటి ఆలోచనలే కావాలి. మంజూరు' అని ఉంది.

ఉమాశ్రీకి ఏడుపొచ్చింది. "కోతికి టైల్సంటండి! మేం కోతిపాటి చెయ్యమా?" అంది. ఆ డబ్బు వెనక్కి పంపేద్దామని పట్టుబట్టింది.

"వద్దండీ బాబూ," అన్నారు మణిశంకర్ గారు. "ఇచ్చింది వద్దంటే, వీళ్ళకేం అవసరాల్లేవు కాబోలని వచ్చే ఏడు మొత్తానికే ఎసరు పెడతారు."

అలా కోతి వచ్చింది. దానికి నేర్పడానికి చెట్లెక్కి కాయలు దింపే బంగార్రాజును పెట్టారు. ఊళ్ళు తిరిగి కోతినాడించే ముసలాయన దగ్గర అతనే దాన్ని బేరమాడి తెచ్చాడు. దానికి విద్యలకేం తక్కువ లేదు. సలాము కొడుతుంది, అద్దంలో చూసుకుంటుంది, అత్తారింటికి ఎలా వెళ్తావంటే మూతి ముడిచి నడుస్తుంది. కొబ్బరిచెట్టు చూపిస్తే మాత్రం బంగార్రాజు మెడ కావలించుకుంటుంది.

"ఆయ్, దీనికి ఎత్తంటే భయవండి," అన్నాడు బంగార్రాజు. "నేను ఎక్కుతుంటే కింద నించుని చూత్తదండి. నేను దిగేదాకా కంగారుపడిపోద్దండి పాపం."

లోపలి గడియ వేసుకోవడం మాత్రం ఒక్క పూటలో నేర్చుకుంది. మధ్యాహ్నం అరటిపండు తిని, గదిలోకి వెళ్ళి, గడియ పెట్టుకుని, చల్లటి టైల్సు మీద పడుకుని గుర్రు పెట్టేది.

ఉగాది వెళ్ళింది. వెంకటరత్నమ్మ గారు అందరికీ ఆఖరి కాఫీ ఇచ్చి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి ముగ్గురూ పొద్దున్న బయలుదేరితే సాయంత్రం ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టడం మానేశారు. కోతి గదిని వాడుకోవడానికి ముగ్గురికీ అభిమానం అడ్డొచ్చింది. కోనసీమ ఎండల్లో, ఆ ఉక్కలో! ఉమాశ్రీకి జ్వరం పట్టుకుంది. నీళ్ళు తాగకపోతే కిడ్నీలు పాడవుతాయమ్మా అని డాక్టరు కేకలేశాడు. కిటికీలోంచి కోతి గది కనబడినప్పుడల్లా ఆవిడకు కడుపు రగిలిపోయేది.

జూన్‌లో ప్రయోగం చూడటానికి హైదరాబాదు నుంచి శ్రీసుధ గారనే పెద్ద ఆఫీసరు వస్తున్నారని కబురొచ్చింది. మరుగుదొడ్డి కొట్టేసింది ఆవిడే. కోతిని ఇచ్చిందీ ఆవిడే.

ఆవిడ రాజమండ్రిలో రైలు దిగి జీపెక్కారు. అక్కడి నుంచి మన మర్యాదలు మొదలయ్యాయి. రావులపాలెంలో రైతులు జీపు ఆపి బొండం కొట్టిచ్చారు. కొత్తపేటలో వ్యాపారులు ఇంకా పెద్ద బొండం ఇచ్చారు. దారిలో ఎక్కడ ఆగినా బొండమే. వద్దంటే మా ఊరి కాయ బాగోలేదా అండీ అని మొహాలు చిన్నబుచ్చుకుంటారు. చివరికి కేంద్రం గేటు దగ్గర మణిశంకర్ గారు కూడా బొండంతోనే ఎదురొచ్చారు.

శ్రీసుధ గారు దాన్ని చూసి వణికిపోయారు. ఉమాశ్రీని పక్కకు లాగి గుసగుసగా, "ఎక్కడమ్మా?" అన్నారు.

ఎన్నాళ్ళ కోపమో ఉమాశ్రీ నోట్లోంచి దూకింది. "మీరు కొట్టేసిన చోటండి."

ఆవిడ మొహం పాలిపోయింది. ఆ మొహం చూసి ఉమాశ్రీకి జాలేసింది. ఆ బాధ ఏమిటో తనకు తెలియనిది కాదు. "రండి, కోతి గది ఉంది," అని చెయ్యి పట్టుకుని పరుగు తీసింది.

గది లోపల గడియ వేసి ఉంది. కోతి నిద్రలో ఉంది. బంగార్రాజు తలుపు బాదాడు, బతిమాలాడు, కిటికీలోంచి అరటిపండు చూపించాడు. అది తీరిగ్గా లేచి, ఒళ్ళు విరుచుకుని, గడియ తీసి బయటికొచ్చింది. మరుక్షణం శ్రీసుధ గారు లోపలికి దూరి గడియ పెట్టేశారు.

తన గదిలో ఇంకొకరు! కోతి తలుపు తన్నింది. కీచుమంది. ఎవరూ తీయకపోయేసరికి దానికి పూనకం వచ్చి, ఎత్తన్న భయమే మరిచిపోయి, పక్కనున్న కొబ్బరిచెట్టు జరజరా ఎక్కేసింది. ఎక్కి, చేతికందిన కాయనల్లా తిప్పి తెంచి గది మీదకు విసరడం మొదలుపెట్టింది. ధబ్బు ధబ్బుమని కాయలు పడుతుంటే మణిశంకర్ గారు ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టారు.

కాసేపటికి శ్రీసుధ గారు ప్రశాంతమైన మొహంతో బయటికొచ్చారు. చెట్టు మీది కోతినీ, కింద పడ్డ కాయలనూ, చివరగా ఉమాశ్రీనీ చూశారు.

"రోజూ ఎలా ఉంటున్నారమ్మా?"

"నీళ్ళు తాగడం మానేశామండి."

"సైన్సు పద్దు కింద మరుగుదొడ్డి ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవు," అని నిట్టూర్చారు. తర్వాత బంగార్రాజు వైపు తిరిగారు. "అది మగదా, ఆడదా?"

"మగదండి, ఆయ్."

"మరి ప్రయోగమన్నాక ఆడకోతి కూడా ఉండాలి కదా, పోల్చి చూడటానికి? ఆడకోతికి గది విడిగా ఉండాలి. పక్కాగా కట్టించండి. లోపలి గడియ తప్పనిసరి. ఉమాశ్రీ గారూ, ఇవాళే రాసివ్వండి, నేను తీసుకెళ్తాను."

ఉమాశ్రీకి విషయం అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక, పై ఆఫీసరన్న సంగతి కూడా మరిచిపోయి ఆవిణ్ణి కావలించుకుంది.

దసరాకల్లా గది తయారైంది. 'వానర విభాగం (ఆడ)' అని తలుపు మీద బోర్డు కూడా పెట్టారు. ఆడకోతిని కొనే సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, బంగార్రాజుతో సహా.

డిసెంబరులో సెక్రటేరియట్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆడకోతికి వసతి అనుకూలంగా ఉన్నదా, దాని ఆరోగ్యం ఎలా ఉన్నది, వెంటనే తెలియజేయవలెను. ముగ్గురు ఆడవాళ్ళూ బల్లకు తలలు ఆనించి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తర్వాత ఉమాశ్రీ కళ్ళు తుడుచుకుని, కలం తీసి జవాబు రాసింది.

'వసతి చాలా అనుకూలంగా ఉన్నది. జ్వరం తగ్గినది. ఇప్పుడు నీళ్ళు కడుపునిండా తాగుతున్నది.'